పెన్‌పహాడ్ దారిలో బెల్‌గ్రేడ్ గిటార్

మొన్న సూర్యాపేటలో ఒక చిన్న సభ జరిగింది. పూనకాలు, దిష్టి, చేతబడి వంటి వాటి మీద మాట్లాడమని పిలిస్తే వెళ్లి మాట్లాడాను. చివర్లో కాలేజీ అమ్మాయి ఒకరు లేచి, "సార్, పూనకం మీద మీరు రాసినవన్నీ చదివాను. దాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా, లేక పుస్తకాల నుంచేనా?" అని అడిగింది. సభ నవ్వింది. నేనూ నవ్వాను. ఈలోగా టైం అయిపోయిందని నిర్వాహకులు మైకు లాక్కున్నారు.

ఆ అమ్మాయికి అక్కడ ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ ఇస్తున్నాను. చూడటమేమిటి తల్లీ, ఏళ్ల తరబడి పూనకాల పక్కనే నిలబడి పని చేశాను. నా ఉద్యోగం అలాంటిది. నేను ఆర్కెస్ట్రాలో కరెంటు గిటార్ వాయించేవాణ్ణి.

ఇప్పుడు మీ కాలేజీల్లో గిటార్ భుజాన వేసుకుని తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మా రోజుల్లో అలా కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లలో కలిపి కరెంటు గిటార్ పట్టింది నేనొక్కణ్ణేనని మా మేనేజర్ ప్రతి ప్రోగ్రాంలో మైకులో చెప్పేవాడు. అది అబద్ధమని నిరూపించడానికి ఎవరూ ముందుకు రాలేదు.

మాది మిర్యాలగూడ. నాయన రైస్‌మిల్లులో హమాలీ, అమ్మ కూలికి పోయేది. ఆదివారం ఇద్దరూ చర్చికి పోయేవాళ్లు. నాకు దేవుడి మీద నమ్మకం పదో తరగతిలోనే పోయింది గానీ చర్చికి పోవడం మాత్రం మానలేదు. అక్కడ గోడకు ఆనించి ఒక గిటార్ ఉండేది మరి. పాస్టర్‌గారు నా భక్తి చూసి మురిసిపోయేవారు.

నాకు రెండో బడి రైస్‌మిల్లు కార్మికుల సంఘం ఆఫీసు. అక్కడి నాయకుడు, అందరం అన్నా అని పిలిచేవాళ్లం, యువజన సభలకని యుగోస్లావియా పోయి వచ్చాడు. మిగతా వాళ్లందరికీ బ్యాడ్జీలు తెచ్చాడు. నేను చర్చిలో తీగలు గీకుతానని తెలుసు కాబట్టి నాకు మాత్రం ఒక చిన్న గ్రామఫోన్ రికార్డు తెచ్చాడు. అట్ట మీద రష్యన్ లాంటి అక్షరాలు. బిగుతు కోటు, సన్నటి టై, నూనె పెట్టి పైకి దువ్విన జుట్టుతో ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని ఉన్నాడు. ఫొటో తీసేవాడితో అప్పుడే తగాదా పడి వచ్చినట్టుంది మొహం.

"ఎవరన్నా ఇతను?" అని అడిగాను.

"బెల్‌గ్రేడ్ పోరడు. ఆ దేశంల రాక్ అండ్ రోల్ మొదలువెట్టినోళ్లల్ల ఒకడంట. దుకాణాలల్ల కరెంటు గిటార్ దొరక్కపోతే చెక్క కోసి తానే చేసుకున్నడంట. పెద్దమనుషులేమో ఇది పడమటి రోగమని తిట్టిండ్రు. పోరగాండ్లేమో డ్యాన్సు హాళ్ల కిటికీలు పట్టుకొని ఏలాడిండ్రు."

"పాటల అర్థమేంది?"

"నాకేం ఎర్క? నేను పోయింది సభకు."

"ఇప్పుడేం చేస్తున్నడంట?"

"ఏదో ఆఫీసుల నౌకరి. పెండ్లిళ్లకు పిలిస్తే పోయి కొడ్తడంట."

ఈ చివరి మాట తర్వాతి రోజుల్లో నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. పెళ్లి విందులో పులిహోర విస్తరి ముందు కూర్చుని, ఎవడో తాగి వచ్చి 'ఇంకో పాట కొట్టు' అని భుజం తడుతున్నప్పుడు, ఎక్కడో బెల్‌గ్రేడ్‌లో మా గురువుగారి భుజం మీద కూడా ఒక చెయ్యి పడుతూ ఉంటుందని అనుకునేవాణ్ణి. మనసు కుదుటపడేది.

సంఘం ఆఫీసులోని రికార్డు ప్లేయర్ మీద ఆ రికార్డును అరిగిపోయేదాకా విన్నాను. సూర్యాపేట రేడియో మెకానిక్ ఒకాయన చర్చి గిటార్‌కు అయస్కాంతం, రాగి తీగచుట్ట బిగించి కరెంటు గిటార్‌గా మార్చాడు. దానికి పాస్టర్‌గారి అనుమతి ఉందనే అప్పటి నా వాదన. ఆ రికార్డులో రెండో వైపు ఒక పాట ఉండేది. మాట తక్కువ, పరుగు ఎక్కువ. తీగల మీద గుర్రం దౌడు తీసినట్టు వెళ్లేది. అది నా వేళ్లకు పట్టుబడ్డాక సూర్యాపేట ఆర్కెస్ట్రాలో ఉద్యోగం దొరికింది. మా డ్రమ్స్ వాయించే మిత్రుడు ఆ పాటకు 'గుర్రం' అని పేరు పెట్టాడు. అతనిది సూర్యాపేటే. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. "భాయ్, గుర్రం ఇప్పు" అనేవాడు. నేను విప్పేవాణ్ణి.

మా మేనేజరే ముఖ్య గాయకుడు కూడా. కోదాడ మనిషి. ఆయన గొంతు మంచిదే గానీ ఎండకు తొందరగా అలిసిపోయేది. ఒక ఏడాది పెన్‌పహాడ్ వైపు ఒక ఊళ్లో ముత్యాలమ్మ బోనాలకు మమ్మల్ని మాట్లాడుకున్నారు. ట్రాక్టర్ ట్రాలీ మీద మేం, వెనక జనరేటర్. ముందు డప్పులు, ఆ వెనక నెత్తిన బోనాలతో ఆడవాళ్లు. మధ్యాహ్నం ఎండలో ఊరేగింపు సగం దారికి వచ్చేసరికి మేనేజర్ గొంతు పట్టేసింది. మంచినీళ్లకని ట్రాలీ దిగుతూ, "ఏదో ఒకటి కొట్టండయ్యా, ఖాళీ ఉంచకండి" అన్నాడు. నేను గుర్రం విప్పాను.

కాసేపటికి బోనం ఎత్తుకున్న ఒక యువతి ఊగడం మొదలుపెట్టింది. పక్కవాళ్లు బోనం అందుకున్నారు. జుట్టు విడిపోయింది. కాళ్లు నేల మీద నిలవడం లేదు. మా పాట ఎంత జోరుగా ఉంటే ఆమె అంత జోరుగా ఊగింది. పసుపు నీళ్లు, వేపకొమ్మలు వచ్చాయి. ఒక పెద్దావిడ, ఆమె అత్తగారట, ఎదురుగా నిలబడి దండం పెట్టి అడిగింది: "ఎవలమ్మా నువ్వు?"

"ముత్యాలమ్మను."

"ఏం తప్పైంది తల్లీ?"

"నాకు సాక పొయ్యలే. మరిచిన్రు."

సాక అంటే అమ్మవారి ముందు పోసే కల్లు, బెల్లం నీళ్ల వంటివి. ఊరంతా "తప్పైంది తల్లీ" అని లెంపలేసుకుంది. నేను పాట ఆపేసరికి ఆ యువతి దారం తెగినట్టు కింద కూలబడి దగ్గడం మొదలుపెట్టింది. ఎవరో నీళ్లు తాగించారు. అంతే. ఊరేగింపు ముందుకు కదిలింది.

కారణాలు నాకు అప్పుడే తెలుసు, ఇప్పుడూ తెలుసు. పొద్దుటి నుంచి ఒక్కపొద్దు. నెత్తిన బరువు, పైన ఎండ, చెవుల్లో డప్పు, చుట్టూ వస్తుందేమోనని ఎదురుచూసే జనం. మనిషి మెదడు ఆ ఒత్తిడికి అలా లోబడుతుంది. ఇందులో దేవతకు చేయడానికి ఏ పనీ మిగల్లేదు. కానీ ఆ ఊరు వేరే లెక్క వేసుకుంది. డప్పు ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా వచ్చింది గిటార్. కాబట్టి అమ్మ గిటార్‌లోంచి వచ్చింది. తిరిగి వచ్చేటప్పటికి మా ఆంప్లిఫయర్‌కు కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఎవరో దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు లోపలికి పోకుండా మా డ్రమ్మర్ తన తువ్వాలు అడ్డం పెట్టాడు.

మేనేజర్ ఆనందానికి హద్దుల్లేవు. బోనాల సీజన్‌లో నేరేడుచర్ల నుంచి తుంగతుర్తి దాకా పిలుపులు వచ్చాయి. అందరూ అడిగేది ఒకటే, అమ్మను రప్పించే గిటార్ వస్తుందా అని. నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రాలు సంఘం ఆఫీసులో హేతువాద చర్చలు నడిపే మనిషిని నేను. పగలు నా చేతులే ఆ పని చేస్తున్నాయి. ఒక ఊళ్లో ఆగలేక మైకు అందుకున్నాను. ఇందులో అమ్మవారు లేదని, ఉన్నది అయస్కాంతం, తీగచుట్ట అని చెప్పాను. వైరు పీకి తీగ మీటాను. దోమ మూలిగినంత చప్పుడు వచ్చింది.

"చూశారా? కరెంటు లేకపోతే అమ్మవారు లేదు."

ముందు నిలబడ్డ ముసలాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "మరి కరెంటు యాడికెల్లి అస్తున్నది బిడ్డా?"

"జనరేటర్ నుంచి."

"దాంట్ల ఎవలున్నరు?"

వెనక నుంచి మా డ్రమ్మర్, "డీజిల్ ఉన్నది తాతా!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. నవ్వి, మళ్లీ మా ఆంప్లిఫయర్‌కు బొట్టు పెట్టారు.

ఆ రోజు ప్రోగ్రాం అయ్యాక మేనేజర్‌కు చెప్పేశాను: "బోనాల్లో ఇక గుర్రం కొట్టను. పెళ్లిళ్లలో కొడతాను, కాలేజీల్లో కొడతాను, అమ్మవార్ల ముందు కొట్టను. ఇష్టమైతే ఉంచుకో, లేకపోతే ఇంకో గిటారిస్టును చూసుకో."

"ఏంటయ్యా నీ గోల? నువ్వు పిలిస్తే వచ్చిందా ఆవిడ? వాళ్లు ఊగుతున్నారు, నువ్వు కొడుతున్నావు. మధ్యలో నీ సిద్ధాంతం ఎక్కడ అడ్డమొచ్చింది?"

"అక్కడే అడ్డమొచ్చింది."

ఇంకో గిటారిస్టు లేడు గనక ఆయన ఒప్పుకున్నాడు. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. నేను మాట మీద నిలబడ్డాను. ఆ సీజన్ మిగతా ఊళ్లలో మామూలు పాటలే వాయించాను. కొందరికి పూనకాలు డప్పుకే వచ్చాయి. అది నా ఖాతా కాదు.

మరుసటి ఏడు అదే ఊరు మళ్లీ పిలిచింది. ఇప్పుడు చెప్పబోయేది ఆ రోజు సంగతి.

మాకు భోజనం ఆ యువతి ఇంట్లోనే పెట్టారు. ఊళ్లో కాస్త భూమి ఉన్న కుటుంబం. పందిరి కింద వరసగా కూర్చున్నాం. ఆమె అన్నం తెచ్చింది. నేను గుర్తుపట్టలేదు. ఏడాదిలో మనిషి సగమైంది. మెడ ఎముకలు బయటికొచ్చాయి. వడ్డిస్తూ మధ్యలో మొహం పక్కకు తిప్పి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. మా మిల్లు హమాలీల గుడిసెల్లో చిన్నప్పటి నుంచి విన్నదే. ఆ దగ్గుతో మా పెద్దనాయన పోయాడు.

గోడ అవతల మాటలు వినిపించాయి. ఆమె మెల్లగా అంటోంది: "పొద్దుమీకితే జొరం అస్తున్నది. దవాఖానకు పోదమయ్యా."

ఆమె భర్త గొంతు: "నాట్లు కానియ్యి. అమ్మను అడుగుత."

"పోయిన నాట్లప్పుడు గూడ గిదే అన్నవ్."

చెయ్యి కడుక్కున్నాక అతన్ని పక్కకు పిలిచాను. "తమ్మీ, అది మామూలు దగ్గు కాదు. టీబీ కావచ్చు. సూర్యాపేట పెద్ద దవాఖానలో పరీక్ష చేస్తారు, మందులు ఉట్టిగానే ఇస్తారు. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు."

అతను చెడ్డవాడు కాదు. నేల చూస్తూ, "మా అమ్మకు జెప్పు సార్," అన్నాడు.

చెప్పాను. పూర్తిగా చెప్పాను. క్రిములంటే ఏమిటి, ఊపిరితిత్తులంటే ఏమిటి, అవి ఎలా చెడిపోతాయి. సభలో ఎలా చెప్తానో అలాగే చెప్పాను. అత్తగారు బోనం కుండకు పసుపు రాస్తూ ఓపికగా విన్నది.

"అయిందా బిడ్డా?"

"అయింది."

"దగ్గు ఎవలకు రాదు? నీకు రాదా? ఈమెకు గాలి సోకింది. మంత్రగానితోని కట్టు కట్టించిన. తగ్గుతది. అమ్మ జెప్తే ఏడికన్నా తీస్కపోత. నువ్వు జెప్తే తీస్కపోతనా? నువ్వెవలు? గిటార్ కొట్టుకునేటోనివి."

"అమ్మ చెప్పదు. అమ్మకు నోరు లేదు."

"నిరుడు నీ ముంగటనే మాట్లాడె గద!"

మా డ్రమ్మర్ నా చొక్కా పట్టి ఇవతలకు లాగాడు. "చలో భాయ్. ఈడ నీ ఉపన్యాసం నడువది."

మధ్యాహ్నం ఊరేగింపు మొదలైంది. ఆమె నెత్తిన కూడా బోనం పెట్టారు. ఆ మెడ మీద ఆ కుండ ఎలా నిలిచిందో నాకిప్పటికీ తెలియదు. మేం భక్తి పాటలు వాయించుకుంటూ పోతున్నాం. గుడికి ముందు దారి ఇరుకైన చోట ట్రాక్టర్ ఆగింది, మా పాటా ఆగింది. డప్పులవాళ్లు డప్పులు కాచుకోవడానికి మంట దగ్గరకు పోయారు. ఆ సందులో ఆమె ఒక చేత్తో బోనం పట్టుకుని ట్రాలీ దగ్గరకు వచ్చింది. తల పైకెత్తలేదు, కుండ ఉంది కదా. కళ్లు మాత్రం పైకెత్తింది.

"అన్నా. నిరుటి పాట కొట్టవా?"

"కొట్టను చెల్లె."

"ఎందుకు?"

"అది మూఢనమ్మకం. దాన్ని పెంచే పని నేను చెయ్యను."

"ఎర్కనే," అంది ఆమె. "పొద్దున నువ్వు మా అత్తమ్మకు జెప్పినయన్ని లోపటికెల్లి విన్న. మంచిగ జెప్పినవ్. విన్నదా?"

నేను గిటార్ వైరు సర్దుకున్నాను.

"నేను యాడాది సంది జెప్తున్న. విన్నరా? ఆమె జెప్తే వింటరన్నా. ఆమె రావాల్నంటే నువ్వు కొట్టాలె."

చిన్నగా దగ్గింది. కుండ ఊగింది. మళ్లీ నిలబెట్టుకుంది. "జర కొట్టు," అని వెనక్కి తిరిగి ఆడవాళ్ల వరసలో కలిసిపోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా జీవితంలో చాలా వాదాలు చేశాను. చదువుకున్నవాళ్లతో, పీఠాధిపతులతో, లాయర్లతో. ఎవరి దగ్గరా నాకు మాట తడబడలేదు. అక్కడ తడబడింది. నేను పట్టుకున్న సూత్రం తప్పు కాదు. ఇప్పుడూ అదే సూత్రం. కానీ ఆ ట్రాలీ మీద నా ముందున్న ప్రశ్న దేవత ఉందా లేదా అన్నది కాదు. ఈమె ఇంకో బోనాలకు బతికి ఉంటుందా లేదా అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్నది ఉపన్యాసం ఒక్కటే, అది పొద్దున్నే ఖర్చయిపోయింది.

డ్రమ్మర్ అంతా విన్నాడు. కర్రలు చేతిలో తిప్పుతూ నన్నే చూస్తున్నాడు. సలహా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే వాదించి ఉండేవాణ్ణి.

గుర్రం విప్పాను.

తర్వాతి పాట అందుకోబోతున్న మేనేజర్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. డప్పులవాళ్లు మంట దగ్గర నుంచి పరుగున వచ్చి మాతో కలిశారు. ఆడవాళ్ల వరస విచ్చుకుంది. ఎవరో ఆమె నెత్తి మీద బోనం అందుకున్నారు. జుట్టు విడిపోయింది.

అత్తగారు ముందుకొచ్చింది. "ఎవలమ్మా నువ్వు?"

"నన్నే ఎవలని అడుగుతవానే ముసలీ!"

ఆ గొంతుకు నా వేళ్లు జారాయి. పొద్దున గోడ అవతల విన్న గొంతు కాదది. అత్తగారు రెండు చేతులూ జోడించింది. "తప్పైంది తల్లీ. ఏం కావాలె?"

"ఈ పిల్ల రొమ్ముల రోగం వెట్టుకొని నా బోనం ఎత్తింది. దవాఖానకు తీస్కపోండ్రి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిమ్మకాయ, కోడి, చీర అడిగిన అమ్మవారిని వాళ్లు చూశారు. దవాఖాన అడిగిన అమ్మవారిని చూడలేదు. అత్తగారి మొహంలో అనుమానం కదిలింది. తెలివిగల మనిషి. పొద్దున నేను చెప్పిన మాటే ఇప్పుడు దేవత నోట వస్తోంది. నా వైపు ఒకసారి చూసింది, కోడలి వైపు చూసింది.

"నువ్వు అమ్మవే అయితే కర్పూరం పట్టు తల్లీ."

అది అక్కడి ఆచారం. పూనిన మనిషి మీద సందేహం వస్తే అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగిస్తారు. చెయ్యి వెనక్కి తీస్తే అమ్మ కాదు. నేను ఆపేద్దామనుకున్నాను. కానీ నేను ఆపితే అమ్మ పోతుంది, వట్టి కోడలు మిగులుతుంది. మిగిలితే ఆమె ఆ ఇంట్లో ఇక ఎప్పటికీ నోరెత్తలేదు. ఆమె చెయ్యి చాపింది. కర్పూరం పెట్టారు, వెలిగించారు. నా పాట ఎక్కడుందో నాకు తెలియలేదు. డ్రమ్మర్ పట్టుకుని నడిపించాడు. ఆ మంట అరచేతిలో చివరిదాకా మండి ఆరింది. చెయ్యి కదల్లేదు.

అత్తగారు మోకాళ్ల మీద పడింది. "తీస్కపోతం తల్లీ! రేపు పొద్దున్నే తీస్కపోతం!"

"రేపు కాదు. ఇయ్యాల్నే. ఇప్పుడే."

"బోనం ఎక్కించి..."

"నాకు బోనం తర్వాత. నీ కొడుకు పనికిరాడు. నువ్వే తోలుకపో. దినాం బర్రె పాలు ఓ గిలాసెడు ఆ పిల్లకు పొయ్యి. అమ్ముకోకు."

ఈ చివరి మాటకు ఆడవాళ్ల వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే లెంపలేసుకున్నారు. నేను పాట ఆపాను. ఆమె కూలబడింది. పండుగకు జనాన్ని తెచ్చిన షేర్ ఆటో ఒకటి గుడి దగ్గర ఉంది. అత్తా కోడలూ అందులో ఎక్కారు. అత్తగారు పసుపు చేతులతోనే ఎక్కింది. ఆటో కదిలేటప్పుడు ఆమె కోడలి కాలిన అరచేతిని తన కొంగుతో పట్టుకుని, దాని మీద ఊదుతూ ఉండటం చూశాను.

టీబీయే. దవాఖానలో ఇంకా ముందే రావాల్సిందని అన్నారట. నెలల తరబడి మందులు వాడాలి. మందుల కోసం సూర్యాపేట వచ్చినప్పుడల్లా భర్త మా ఆర్కెస్ట్రా ఆఫీసులో కాసేపు కూర్చుని పోయేవాడు. "మా అమ్మ ఒక్క గోలీ తప్పనిస్తలేదు సార్. అమ్మవారు అడుగుతదంటది," అని చెప్పేవాడు. ఒకసారి ఆమె కూడా వచ్చింది. మనిషి కాస్త తేరుకుంది. ఎవరూ లేనప్పుడు అడగకుండా ఉండలేకపోయాను.

"చెల్లె, నిజం చెప్పు. అంతా నువ్వే అన్నావా?"

ఆమె మందుల పొట్లం కొంగున ముడేసుకుంది. "దవాఖాన అన్నది నేనే అన్నా. ముందే అనుకొని వెట్టుకున్న. బర్రె పాలు నేను అనుకోలే. అదెట్ల అచ్చిందో నాకే తెల్వదు."

"కర్పూరం?"

"అప్పుడు మంట తెల్వలే. ఆటోల తెలిసింది. ఏడ్సిన."

నా వ్యాసాల్లో ఈ జవాబుకు సరిపోయే పేరా లేదు. నటన ఒకవైపు, పూనకం ఒకవైపు అని నేను గీసిన గీత ఆమె అరచేతిలో ఎక్కడుందో నాకు కనబడలేదు. ఇందులో అద్భుతం లేదని మాత్రం చెప్పగలను. మనిషి ప్రాణం మీదికొస్తే శరీరం నొప్పిని వాయిదా వేస్తుంది. తర్వాత వసూలు చేసుకుంటుంది.

సంఘం ఆఫీసులో ఈ సంగతి చెబితే రికార్డు తెచ్చిచ్చిన అన్న మండిపడ్డాడు. "లొంగిపోయినవ్. ఇగ ఆ ఊళ్లె వందేండ్లు అమ్మవారికి ఎదురు లేదు. నువ్వే కుర్చేసి కూసోవెట్టినవ్."

"ఆమె చచ్చిపోయేదన్నా."

"ఒక మనిషిని చూసి సూత్రం మారుస్తవా?"

"మార్చలేదు. ఆ ఊళ్లో కోడలు మామూలు గొంతుతో మాట్లాడితే వినే చెవి ఒక్కటి ఉంటే నేను గుర్రం విప్పేవాణ్ణి కాదు. మనం అమ్మవారి నోరు మూయిద్దామని తిరుగుతున్నాం. ఆ నోరు ఎవరిదో అడగలేదు."

ఆయన ఒప్పుకోలేదు. చివరిదాకా ఒప్పుకోలేదు. మంచి వాదనలన్నీ అలాగే ఉంటాయి. నేను పూనకం మీద రాయడం మానలేదు, మానను. కానీ ఆనాటి నుంచి ఏ ఊళ్లో సభ పెట్టినా ముందు ఆడవాళ్లను మాట్లాడమంటున్నాను. మైకు చేతికివ్వగానే చాలామంది మొదట చెప్పేది దేవుళ్ల గురించి కాదు. నీళ్ల గురించి, నడుం నొప్పి గురించి, తాగి వచ్చే మగవాళ్ల గురించి.

ఆ తర్వాత ఆ ఇంట్లో కూడా ఒకసారి వాయించాను. ఆమె మరిది పెళ్లి. అత్తగారే పట్టుబట్టి మా ఆర్కెస్ట్రాను పెట్టించింది. మధ్యాహ్నం విందు నడుస్తోంది. పెళ్లికూతురు తరఫు కుర్రాళ్లు హుషారైన పాట కావాలన్నారు. పెళ్లే కదా, అమ్మవారి ముందు కాదు కదా అని గుర్రం విప్పాను. అప్పుడు చూడాలి ఆ ఊరివాళ్ల సంగతి. భోంచేస్తున్నవాళ్లు విస్తళ్లు పట్టుకుని లేచి పక్కకు జరిగారు. వేదిక ముందు గుండ్రంగా చోటు ఏర్పడింది. అత్తగారు ఒక చేత్తో పసుపు నీళ్ల చెంబు, ఇంకో చేత్తో వేపకొమ్మ పట్టుకుని తయారుగా నిలబడింది.

ఇంట్లోంచి కోడలు వచ్చింది. ఒళ్లు చేసింది. నల్లగా నిగనిగలాడుతున్న జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. ఆ ఖాళీ చోటును దాటుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నేరుగా వేదిక దగ్గరకు నడిచింది. ఊరంతా ఆమె జుట్టు ముడినే చూస్తోంది.

"అన్నా, జర సౌండ్ తగ్గియ్యి. లోపట మా పిల్ల పండుకున్నది."

"ఒక్క నిమిషం అమ్మా, ఈ పాట అయిపోనీ," అన్నాడు మా మేనేజర్.

అత్తగారు చెంబూ వేపకొమ్మా కింద పెట్టి మా మీదికి వచ్చింది. "ఏందయ్యా, చెవులు వినవస్తలెవ్వా? నా కోడలు తగ్గియ్యమంటున్నది గద!"

తగ్గించాం.